లక్కీ భాస్కర్ నిజంగా ఉన్నాడా? హర్షద్ మెహతా రోజుల్లో బ్యాంకుల్లో సంతకాలు పెట్టినవాళ్ల సంగతి

"లక్కీ భాస్కర్" సినిమా చూశాక మారతహళ్లిలో మీ రూమ్మేట్ల మధ్య పెద్ద వాదనే నడిచిందని రాశారు. అందులోని బ్యాంకు క్యాషియర్ భాస్కర్ నిజంగా ఉన్న మనిషేనని ఒకరు, అంతా కల్పితమని ఇంకొకరు. సినిమాలోని మగధ బ్యాంకు అంటే ఏ బ్యాంకు, బ్రోకరు హర్షా మెహ్రా చుట్టూ ఉన్నవాళ్లు బయట ఎవరు, వాళ్లు చివరికి ఏమయ్యారు, ఇప్పుడు అలాంటిది జరుగుతుందా అని కూడా అడిగారు. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో, ఇక్కడే బెంగళూరులో, ఇన్వెస్ట్‌మెంట్ విభాగంలో చాలాకాలం చేసి రిటైరయ్యాను. 1992 వేసవిలో ఆ విభాగంలోనే ఉన్నాను. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. భాస్కర్ లాంటి క్యాషియర్ ఎవరూ లేరు. మగధ బ్యాంకు కూడా ఫలానా బ్యాంకు అని వేలు పెట్టి చూపించేది కాదు, నాలుగైదు బ్యాంకుల్లో జరిగినవి కలిపి అల్లిన పేరు. హర్షా మెహ్రా విషయంలో మాత్రం దాపరికం ఏమీ లేదు, 1992లో బయటపడ్డ బ్యాంకు, షేర్ల స్కాములోని బ్రోకరు హర్షద్ మెహతానే. దర్శకుడు వెంకీ అట్లూరి ఒకటి రెండు అక్షరాలు మార్చి వదిలేశారు.

ఆ సినిమా నాకు నచ్చింది. బ్యాంకు రసీదు అంటే ఏమిటో మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యేలా తెరమీద చూపించడం చిన్న పని కాదు. కానీ క్యాషియర్ శుక్రవారం డబ్బు బయటికి తీసుకెళ్లి సోమవారం తిరిగి పెట్టేయడం ఉంది చూశారూ, అది అంత తేలిక కాదు. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి హెడ్ క్యాషియర్ దగ్గర, రెండోది ఆఫీసర్ దగ్గర. సాయంత్రం ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, క్యాష్ బుక్కులో సంతకాలు చేసి, ఇద్దరూ కలిసే తాళం వేయాలి. ఇద్దరూ కలిసిపోతే తప్ప నోట్ల కట్టలు కదలవు. అలా కలిసిపోయిన బ్రాంచీలు ఉన్నాయి, కాదనను. కానీ 1992 స్కాములో పోయింది నోట్ల కట్టలు కాదు. ఆ వేల కోట్లలో ఒక్క రూపాయి కూడా క్యాష్ కౌంటర్ దాటి వెళ్లలేదు. అంతా కాగితాల మీద, చెక్కుల మీద, సెక్యూరిటీస్ డెస్కు దగ్గర జరిగింది. కాబట్టి అసలు భాస్కర్లని వెతకాలంటే క్యాష్ క్యాబిన్‌లో కాదు, ఆ డెస్కు దగ్గర వెతకాలి.

ఆ డెస్కు ఏం చేసేదో చెప్తాను. ఆ రోజుల్లో బ్యాంకుకి వచ్చిన ప్రతి 100 రూపాయల డిపాజిట్‌లో 38.5 రూపాయల దాకా ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలోనే పెట్టాలి. దాన్నే ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. పదిహేను రోజులకోసారి, శుక్రవారం నాటికి ఆ లెక్క రిజర్వు బ్యాంకుకి చూపాలి. లోటున్న బ్యాంకు మిగులున్న బ్యాంకు దగ్గర బాండ్లు కొని, రెండు వారాల తర్వాత కాస్త తేడాతో తిరిగి అమ్మేసేది. డబ్బు కావలసిన బ్యాంకు దీన్నే తిరగేసి చేసేది. దీనికి రెడీ ఫార్వర్డ్ అని పేరు. మన ఇళ్లలో బంగారం కుదువ పెట్టి మళ్లీ విడిపించుకోవడం లాంటిదే. పేరుకి అమ్మకం, అసలుకి అప్పు.

ప్రభుత్వ బాండ్లకి కాగితం చేతికి ఇచ్చేవాళ్లు కాదు. రిజర్వు బ్యాంకులోని పబ్లిక్ డెట్ ఆఫీసులో ఎస్‌జీఎల్ అనే లెడ్జరు ఉండేది. అమ్మిన బ్యాంకు ఒక ఫారం ఇస్తే, అక్కడి గుమస్తా చేత్తో ఒకరి ఖాతాలో తీసేసి ఇంకొకరి ఖాతాలో రాసేవాడు. దానికే రోజులు పట్టేది. ఖాతాలో బాండ్లు లేకపోతే ఫారం బౌన్స్ అయి తిరిగొచ్చేది, కానీ ఆ కబురు మనకి తెలిసేసరికి పక్షం గడిచిపోయేది. ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లకి ఆ లెడ్జరు కూడా లేదు. బాండు సర్టిఫికెట్ ముద్రించి పంపడానికి నెలలు పట్టేది. బాండు చేతికొచ్చేదాకా అమ్మిన బ్యాంకు కొన్న బ్యాంకుకి ఇచ్చే చీటీయే బ్యాంకు రసీదు, మా భాషలో బీఆర్.

బీఆర్ ఎలా ఉండేదంటే, చెక్కు కన్నా కొంచెం పెద్ద కాగితం, పైన బ్యాంకు పేరు, ఒక వరుస నంబరు. ఫలానా బ్యాంకు నుంచి ఫలానా బాండ్ల ఖరీదు కింద ఇంత మొత్తం ముట్టింది, బాండ్లు సిద్ధం కాగానే ఈ రసీదు తిరిగి తీసుకుని ఇస్తాం, అంతదాకా అవి మీ తరఫున మా దగ్గరే ఉంటాయి అని రెండు మూడు వాక్యాలు. కింద రెండు సంతకాలు. అంతే. ఆ రెండు సంతకాల మీద కోట్ల రూపాయల చెక్కు వెళ్లిపోయేది. బాండ్లు నిజంగా ఉన్నాయా లేదా అని కొన్నవాళ్లు వెళ్లి చూసేది లేదు. ఒకే బాండు మీద రెండు మూడు రసీదులు పుట్టినా కనిపెట్టే రిజిస్టరు దేశంలో ఎక్కడా లేదు.

మధ్యలో బ్రోకరు ఉండేవాడు. అతని పని అమ్మేవాళ్లని కొనేవాళ్లని కలిపి కమీషన్ తీసుకోవడం. హర్షద్ ఈ స్థానాన్ని మార్చేశాడు. డబ్బు కట్టే బ్యాంకు అవతలి బ్యాంకు పేరుతోనే అకౌంట్ పేయీ చెక్కు రాసేది. ఆ చెక్కు అవతలి బ్యాంకుకి చేరేది కూడా. కానీ అక్కడ దాన్ని హర్షద్ సొంత ఖాతాలో జమ చేసేవాళ్లు. పెద్ద కస్టమరు కాబట్టి అతనికి ఆ సౌకర్యం. నేషనల్ హౌసింగ్ బ్యాంకు రాసిన చెక్కులు ఏఎన్‌జెడ్ గ్రిండ్లేస్ బ్యాంకులో ఇలాగే అతని ఖాతాకి వెళ్లాయి. నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఎవరిదో తెలుసా? అప్పట్లో రిజర్వు బ్యాంకు సొంత సంస్థ. కాపలా ఉండాల్సిన ఇంట్లోంచే డబ్బు వెళ్లింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అదే.

ఆ డబ్బుతో హర్షద్ షేర్లు కొన్నాడు. 1991 మొదట్లో 1,000 దగ్గర ఉన్న సెన్సెక్స్ 1992 ఏప్రిల్‌లో 4,467కి వెళ్లింది. ఏసీసీ సిమెంట్ షేరు 200 ప్రాంతం నుంచి 9,000 దాకా ఎగిరింది. ఒక కంపెనీని ఈ రోజు కొత్తగా కట్టాలంటే ఎంత ఖర్చవుతుందో షేరు విలువ దాన్ని బట్టి ఉండాలని అతను చెప్పేవాడు, పత్రికలు దాన్ని సిద్ధాంతంలా రాసేవి. ఆ షేరు పెరగడానికి కారణం సిద్ధాంతం కాదు, మా డెస్కుల మీద నుంచి వెళ్లిన చెక్కులు. చిక్కల్లా తిరిగి కట్టే రోజున వచ్చింది. కట్టాలంటే షేర్లు అమ్మాలి, అమ్మితే ధర పడిపోతుంది. అందుకే ఒక బ్యాంకుకి కట్టడానికి ఇంకో బ్యాంకు దగ్గర తీసుకుంటూ వచ్చాడు.

1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో సుచేతా దలాల్ రాసిన వార్తతో ఇది బయటపడింది. స్టేట్ బ్యాంకు ఒక బ్రోకరుని 500 కోట్లు సర్దుబాటు చేయమని అడిగింది, అదీ వార్త. నేను ఎక్కువగా తలుచుకునేది ఆమెనే. అప్పటికి ఊరంతా హర్షద్‌ని దేవుడిలా చూస్తోంది, అతని ఫోటో లేని బిజినెస్ పత్రిక లేదు. అలాంటి సమయంలో స్టేట్ బ్యాంకు పుస్తకాల్లో తేడా ఉందని పేపర్లో పెట్టాలంటే ఎంత గుండె కావాలి! 2006లో ఆమెకి పద్మశ్రీ ఇచ్చారు.

ఇక ఎవరెవరు ఏమయ్యారు అన్నది. హర్షద్ 1954లో గుజరాత్‌లోని పానేలీ మోటీలో పుట్టాడు, రాయ్‌పూర్‌లో పెరిగాడు, బొంబాయిలో బీకాం చదివి న్యూ ఇండియా అష్యూరెన్స్‌లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టాడు. స్కాము బయటపడ్డాక అతని మీద 70కి పైగా క్రిమినల్ అభియోగాలు వచ్చాయి. 1993లో ప్రెస్ మీట్ పెట్టి, ప్రధాని పీవీ నరసింహారావు గారికి కోటి రూపాయలు ఇచ్చానని, సూట్‌కేసు చూపించి మరీ ఆరోపించాడు. మన తెలుగువాళ్లు ఆ రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడుకున్నది దాని గురించే. పీవీ గారు ఖండించారు, ఆ ఆరోపణ రుజువు కాలేదు. 1999లో మారుతీ ఉద్యోగ్ డబ్బు 38 కోట్లు మళ్లించిన కేసులో హర్షద్‌కి అయిదేళ్ల శిక్ష పడింది. 2001 చివరలో ఇంకో కేసులో మళ్లీ అరెస్టయి, డిసెంబరు 31న ఠాణేలో కస్టడీలో ఉండగానే గుండెపోటుతో చనిపోయాడు. 47 ఏళ్లు. అతని తమ్ముడు అశ్విన్ ఆ తర్వాత లా చదివి ఏళ్లతరబడి కుటుంబం కేసులు తనే వాదించుకున్నాడు.

పైస్థాయి వాళ్లలో ఎం.జె. ఫెర్వానీ గురించి చెప్పాలి. ప్రభుత్వ మ్యూచువల్ ఫండ్ సంస్థ యూటీఐని పెంచి పెద్ద చేసిన మనిషిగా ఆయనకి చాలా పేరు. స్కాము నాటికి నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఛైర్మన్. 1992 మేలో రాజీనామా చేశారు, అదే నెలలో హఠాత్తుగా చనిపోయారు. యూకో బ్యాంకు ఛైర్మన్ మార్గబంధు పదవి పోయింది, కేసుల్లో చిక్కుకున్నారు. సినిమా చూసినవాళ్లు అంతా హర్షద్ ఒక్కడే చేశాడనుకుంటారు. కాదు. బ్యాంక్ ఆఫ్ కరాడ్, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంకు అని రెండు చిన్న బ్యాంకులు వెనక ఏ బాండూ లేకుండా రసీదులు రాసిచ్చాయి. వాటిని నడిపింది వేరే బ్రోకర్లు. ఆ ఉత్త కాగితాలని పట్టుకుని దెబ్బతిన్నవాళ్లలో స్టాండర్డ్ చార్టర్డ్ ఉంది, మన బెంగళూరు వాళ్లూ ఉన్నారు.

అసలు నేను ఈ జవాబు రాయడానికి కూర్చుంది ఇది చెప్పడానికే. స్కాము అంటే దలాల్ స్ట్రీట్, అంటే బొంబాయి షేర్ మార్కెట్, అనుకుంటారు అందరూ. కెనరా బ్యాంకు ప్రధాన కార్యాలయం ఇక్కడ టౌన్ హాల్ దగ్గర జేసీ రోడ్డులో ఉంది, మీరు ఎన్నోసార్లు దాటి ఉంటారు. దాని అనుబంధ సంస్థలు కాన్‌ఫినా, కాన్‌బ్యాంక్ మ్యూచువల్ ఫండ్ ఈ వ్యవహారంలో నిండా మునిగాయి. షేర్ బ్రోకర్ కేతన్ పారేఖ్ పేరు మీరు 2001 స్కాముతో విని ఉంటారు. అతనికి 2008లో ఏడాది శిక్ష పడింది మాత్రం 1992 నాటి కాన్‌బ్యాంక్ మ్యూచువల్ ఫండ్ కేసులోనే. ఇంకొకటి ఫెయిర్‌గ్రోత్ ఫైనాన్షియల్ సర్వీసెస్, అది కూడా బెంగళూరు కంపెనీయే. కొద్ది కాలంలోనే విపరీతంగా ఎదిగింది, బాగా చదువుకున్న కుర్రాళ్లు ఎగబడి చేరారు. అందులో తనకూ తన భార్యకూ షేర్లు ఉన్నాయని పి. చిదంబరం 1992 జులైలో వాణిజ్య మంత్రి పదవికి రాజీనామా చేశారు. హైదరాబాద్ వాళ్లేమీ దూరంగా లేరు, ఆంధ్రా బ్యాంకు ఫైనాన్షియల్ సర్వీసెస్ పేరు కూడా దర్యాప్తు నివేదికల్లో ఉంది. కాబట్టి సినిమా తీసేవాళ్లకి బొంబాయి దాకా వెళ్లక్కర్లేదు, ఇక్కడే సరిపడా కథ ఉంది.

రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ ఆర్. జానకిరామన్ అధ్యక్షతన 1992 ఏప్రిల్ 30న కమిటీ వేశారు. సుమారు నెల రోజులకే మొదటి నివేదిక వచ్చింది. చివరికి తేల్చిన లోటు సుమారు 4,024 కోట్లు. ఆ నెలల్లో ప్రతి బ్యాంకులోనూ బీఆర్ రిజిస్టర్లు బయటికి తీశారు. మా దగ్గర కూడా తనిఖీకి వచ్చినవాళ్లు బల్లమీద రిజిస్టరు, పక్కన రసీదుల ఫైలు పెట్టుకుని ఒక్కో నంబరుకీ ఎదురుగా బాండు చూపించమన్నారు. బాండు వచ్చి నెలలైనా రసీదు తిరిగి ఇవ్వనివి, రసీదు ఉండి బాండు రానివి, అసలు ఎవరు తెచ్చారో ఎవరికీ గుర్తులేనివి కనిపించాయి. మోసం ఉన్నది కొన్నింటిలోనే, మిగతావి ఏళ్లుగా పట్టించుకోని అలవాట్లు. కానీ అప్పటి వేడిలో రెండింటినీ విడదీసి చూసే ఓపిక ఎవరికీ లేదు.

ఇక్కడే నిజమైన భాస్కర్లు వస్తారు. వీళ్లలో రెండు రకాలున్నారు. ఒకరు తెలిసి చేసినవాళ్లు, బ్రోకరు దగ్గర డబ్బో షేర్లో తీసుకుని రికార్డులు దిద్దినవాళ్లు. అలాంటివాళ్లకి శిక్షలు పడ్డాయి, పడాల్సిందే. రెండో రకం, పైనుంచి ఫోను వస్తే సంతకం పెట్టినవాళ్లు. మా విభాగంలో ఒక సీనియర్ ఆఫీసర్ ఉండేవారు, మన తెలుగాయనే. బొంబాయి ఆఫీసు నుంచి డీల్ వివరాలు వచ్చేవి, ఆయన రసీదు మీద రెండో సంతకం పెట్టేవారు. రెండో సంతకం చేసేవాడికి మొదటి సంతకం ఉందో లేదో చూడటమే పని అని ఆయనకి నేర్పారు. ఆయన ఒక్క రూపాయి ముట్టుకోలేదని మాకందరికీ తెలుసు. అయినా సస్పెండ్ చేశారు. సగం జీతంతో ఇల్లు నడవాలి. విచారణకి పిలిచినప్పుడల్లా ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో బొంబాయి వెళ్లేవారు, రెగ్జిన్ సంచి నిండా వోచర్ల జిరాక్సులు పట్టుకుని. డీల్ చేయమని ఫోను చేసిన పైఅధికారి మాత్రం నోటిమాటే గాని కాగితం మీద ఏమీ రాయలేదు కాబట్టి ఆయనకి ఏమీ కాలేదు. మా సీనియర్‌గారి మీద తప్పేమీ లేదని తేల్చేసరికి ఆయన రిటైరైపోయారు, గ్రాట్యుటీ అప్పటిదాకా ఆపారు. పెద్దమ్మాయి పెళ్లి ఆ మధ్యలోనే చేయాల్సివచ్చింది, మా యూనియన్ వాళ్లం తలా కొంత వేసుకున్నాం. ఇలాంటివాళ్లు ఒక్క మా బ్యాంకులోనే కాదు, ప్రతి బ్యాంకులోనూ ఉన్నారు.

అందుకే భాస్కర్ అంత డబ్బుతో అమెరికాలో తేలడం చూసి హాల్లో చప్పట్లు కొడుతుంటే నాకు కష్టంగా అనిపించింది. తెలివిగా సమయానికి తప్పుకుంటే చాలు అన్నట్టు ఉంటుంది ఆ ముగింపు. బయట తప్పుకున్నవాళ్లు లేరనను. కానీ వాళ్లు చిన్న ఉద్యోగులు కాదు. చిన్న ఉద్యోగి సంతకం కాగితం మీద ఉంటుంది, ఎక్కడికి పోతాడు? రామ్ నివాస్ మిర్ధా అధ్యక్షతన వేసిన పార్లమెంటరీ కమిటీ కొన్ని విదేశీ బ్యాంకుల తీరుని గట్టిగానే తప్పుపట్టింది, రిజర్వు బ్యాంకునీ ఆర్థిక శాఖనీ వదల్లేదు. ఆ స్థాయిలో జైలుకి వెళ్లినవాళ్లని మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

మీ వాదనకి వస్తే, ఇద్దరూ సగం సగం గెలిచారనుకోండి. భాస్కర్ లేడు. భాస్కర్ కూర్చున్న కుర్చీ ఉంది, ఆ చీటీ ఉంది, ఆ చెక్కు ఉంది.

ఇప్పుడు అలా చేయగలరా అన్నదానికి, అదే పద్ధతిలో అయితే చేయలేరు. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి చట్టబద్ధమైన అధికారాలు 1992లోనే వచ్చాయి, నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి (ఎన్‌ఎస్‌ఈ)లో ట్రేడింగ్ 1994లో మొదలైంది, 1996లో డిపాజిటరీ చట్టంతో షేర్లు కాగితాల నుంచి కంప్యూటర్ ఖాతాల్లోకి (డీమ్యాట్) మారడం మొదలైంది. ప్రభుత్వ బాండ్ల లావాదేవీలు 2002 నుంచి కంప్యూటర్ మీదకి వచ్చాయి, చేత్తో రాసే లెడ్జరు పోయింది. కానీ 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబై బ్రాడీ హౌస్ బ్రాంచిలో వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ వ్యవహారం బయటపడినప్పుడు మా పాత సహోద్యోగులం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. అక్కడ కాగితం రసీదు బదులు స్విఫ్ట్ సందేశం, అంటే బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే ఎలక్ట్రానిక్ సందేశం. విదేశంలో ఉన్న బ్యాంకుకి "మేం పూచీ" అని సందేశం వెళ్లింది, ఇక్కడ బ్యాంకు ఖాతాలన్నీ నడిచే కోర్ బ్యాంకింగ్ కంప్యూటర్ వ్యవస్థలో మాత్రం ఆ అప్పు నమోదే కాలేదు. 13,000 కోట్లు దాటింది. పూచీ రాసినవాళ్ల దగ్గర వెనక ఏముందో అడిగినవాళ్లు ఈసారి కూడా లేరు. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ నెలాఖరుకల్లా స్విఫ్ట్‌ని కోర్ బ్యాంకింగ్‌తో కలిపి తీరాలని బ్యాంకులన్నిటికీ గడువు పెట్టింది. మీ రూమ్మేట్లలో ఒకరు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఉన్నారని రాశారు కదా, ఆ రెండు సిస్టమ్‌లూ అంతకు ముందు ఎందుకు విడివిడిగా నడిచేవో ఆయన్ని అడగండి. నాకన్నా బాగా చెప్పగలరు.